బాగ్దాదు టైము ఏడు గంటలు

మా ఆఫీసులో నా పక్క బల్ల దగ్గర కూర్చునే ఆయనది బాగ్దాదు. పోయిన రంజాను పండక్కి ఊరెళ్ళి, అక్కణ్ణుంచి నా ఫోనుకి ఒక వీడియో పంపాడు. నది ఒడ్డున పాత కోటలాంటి కట్టడం. దాని ఆవరణలో ఇటుకలతో కట్టిన గడియార స్తంభం. పచ్చిక మీద పిల్లలు పరుగెడుతున్నారు, ఎవరో పళ్ళెంలో టీ గ్లాసులు మోసుకెళ్తున్నారు. ‘తుర్కుల కాలం నాటిది. నువ్వూ ఒకసారి వచ్చి చూడాలి’ అని కింద రాశాడు.

‘చూశాను’ అని రాయబోయి చెరిపేశాను. పదమూడేళ్ళ వయసులో మా నాన్న పక్కన నిలబడి ఆ స్తంభాన్ని చూశాను. ఆ మాట చెబితే ఎప్పుడు, ఎలా అని అడుగుతాడు. అప్పుడు మాతో రావలసిన మనిషి గురించి కూడా చెప్పాలి. ఆమె ఎందుకు రాలేదో చెప్పాలి.

అప్పట్లో మేం కువైట్‌లోని ఖైతాన్‌లో ఉండేవాళ్ళం. కింద కారు సీట్లకు తొడుగులు కుట్టే దుకాణం, పైన మూడో అంతస్తులో మా గది. మెట్లంతా రెగ్జిను వాసన, జిగురు వాసన. నాన్న సిటీలో పాత సూక్‌లో, అంటే బజారులో, గడియారాలు బాగుచేసేవారు. ఆ కొట్టు ముసలి యజమాని కుర్రతనంలో బాగ్దాదులో చదువుకున్నాడట. మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు అక్కడి గడియార స్తంభం గురించి చెప్పేవాడు. నాన్న ఆ కబుర్లు ఇంటికి మోసుకొచ్చేవారు.

“సిపాయిల్ని నిద్ర లేపడానికి కట్టించేరంట్రా ఆ స్తంభం. అలారానికి అంత కట్టడం కట్టేరంటే ఎంత మొద్దునిద్రగాళ్ళో చూడు!” అని నవ్వేవారు. తర్వాత, “లోపల యంత్రం ఎలా ఉంటుందో ఒక్కసారి చూస్తే బాగుణ్ణు” అనేవారు.

ఆ వేసవిలో అమ్మ చెల్లిని తీసుకుని కోనసీమలో మేనమామ పెళ్ళికి వెళ్ళింది. నేను లెక్కల్లో తప్పాను. అందుకు శిక్షగా, సెలవులంతా లెక్కలు చేసుకోమని నన్ను ఉంచేశారు. పొద్దున్నే నాన్న పనికి వెళ్ళిపోతే, సాయంత్రం దాకా గదిలో నేను, ఏసీ చప్పుడు, గోడ గడియారం. కిటికీలోంచి ఎదుటి మేడ మీద ఆరేసిన బట్టలు తప్ప ఏమీ కనిపించేవి కావు. మాట్లాడే మనిషి లేక, ఆ బట్టల్ని బట్టి ఆ ఇళ్ళల్లో ఎవరెవరున్నారో కథలు అల్లుకునేవాణ్ణి.

పదిహేను రోజులకోసారి, శుక్రవారం మాత్రం అత్త వచ్చేది.

ఆమెతో మాకు చుట్టరికం లేదు. కడప జిల్లాలో రాయచోటి వైపు పల్లె ఆమెది. రుమైథియాలో ఒక కువైటీ ఇంట్లో పని. ఒకసారి ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు, అలారం గడియారం బాగుచేయించుకు రమ్మని డ్రైవరును తోడిచ్చి పంపింది. నాన్న చేతిలోంచి మర జారిపడి తెలుగులో ఏదో తిట్టుకున్నారట. “ఏమన్నా, మనోళ్ళేనా?” అని ఆమె కౌంటరు మీదికి వంగిందట. అలా మొదలైంది.

మొదటిసారి నేను పిన్నీ అని పిలిచాను.

“పిన్నీ అనొద్దబ్బీ. అట్లంటే మీ నాయినకు నేను మరదలినై పోతా. ఈడ నలుగురు నాలుగు రకాలుగా అనుకుంటారు. అత్తా అను. ఆయప్ప నాకు అన్న,” అంది.

నాన్న పళ్ళన్నీ కనబడేలా నవ్వారు. అప్పటి నుంచి నాన్న ఆమెకు అన్న, ఆమె నాకు అత్త.

ఆమె బట్టల్లో బుఖూర్ సాంబ్రాణి పొగ వాసన, దాని అడుగున బ్లీచింగు వాసన ఉండేవి. మామా ఇచ్చిన మచ్‌బూస్ అన్నం డబ్బాలో తెచ్చేది. దాంట్లో ఎండు నిమ్మకాయలు నల్లగా, చిన్న బంతుల్లా ఉండేవి. నేను వాటిని ఏరి కిటికీలోంచి కారు సీట్ల కొట్టు రేకు మీదికి విసిరేవాణ్ణి. టంగుమని మోగేది. కింద నుంచి దర్జీ ఉర్దూలో తిట్టేవాడు. అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వి, తర్వాత నా వీపు మీద ఒకటి వేసేది. మాకోసం బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసేది. చెనిగ్గింజలు వేయించి, ఎండు మిరపకాయలు వేసి రోలు లేక గ్లాసు అడుగుతో నూరేది. ఆ ఘాటుకి నాన్న తుమ్మేవారు. “ఇది కూరా, బాంబా చెల్లమ్మా?” అనేవారు. “కోనసీమోళ్ళకు కొబ్బరికాయ తప్ప ఏం దెలుసన్నా!” అని ఆమె అనేది.

ఆమెకు చదువు రాదు. గడియారం చూడడమూ రాదు. ఆ ఇంట్లో ఎవరో ఒకరు చెబితేనే టైము. ఒక శుక్రవారం నన్ను అడిగింది.

“అబ్బీ, అది చూసేది నాకు నేర్పియ్యి. మా యింట్లో ఐదేండ్ల పిల్ల గూడా ‘అది గూడా తెలీదా’ అని నవ్వుతాంది.”

అట్ట ముక్క గుండ్రంగా కత్తిరించి, రెండు అగ్గిపుల్లలు గుచ్చి నేర్పాను. జీవితంలో నేను ఒకరికి నేర్పిన మొదటి విద్య అది. లెక్కల్లో తప్పినవాణ్ణి, గురువునయ్యాను. చిన్న ముల్లు గంట, పెద్ద ముల్లు నిమిషాలు. మూడు శుక్రవారాలు పట్టింది. వచ్చిన రోజున, “నాలుగూ పది! ఔనా? నాలుగూ పదేనా?” అని చిన్నపిల్లలా గంతేసింది.

ఆ విద్యతో నేనే ఆమెను ఒకసారి మోసం చేశాను. సాయంత్రం ఐదింటికి డ్రైవరు వచ్చి ఆమెను తీసుకెళ్ళేవాడు. ఆమె వెళ్ళిపోతే గది మళ్ళీ మామూలైపోతుంది. ఆమె వంటగదిలో ఉన్నప్పుడు కుర్చీ ఎక్కి గోడ గడియారం అరగంట వెనక్కి తిప్పాను. డ్రైవరు కింద హారను కొట్టి కొట్టి వెళ్ళిపోయాడు. నాన్న టాక్సీలో దింపి వచ్చారు. మామా చేత తిట్లు తింది. తర్వాత వచ్చినప్పుడు నా చెవి మెలిపెట్టి, “దొంగబ్బీ! నువ్వు నేర్పిన చదువు నా మీదనే తిప్పితివి గదా,” అంది. నవ్వుతూనే అంది.

ఇరాక్ సైన్యం వచ్చిన పొద్దున నాన్న యథాప్రకారం పనికి బయల్దేరి, వీధి చివరి నుంచే వెనక్కి వచ్చేశారు. మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు అంత తొందరగా వినడం అదే మొదలు. ఆ తర్వాత సూక్ మూతపడింది. రొట్టెల కోసం బేకరీ ముందు వరసలో నిలబడడమే మా పని. ఇండియాకి ఫోన్లు లేవు, ఉత్తరాలు లేవు. అమ్మకి మేం బతికున్నామో లేదో తెలియదు.

కొన్నాళ్ళకి టైము కూడా మార్చారు. ఇకమీదట బాగ్దాదులో ఎంతైతే ఇక్కడా అంతేనన్నారు. గడియారాలన్నీ గంట ముందుకి తిప్పాలి. చాలామంది కువైటీలు తిప్పలేదు. నాన్న మధ్యేమార్గం పట్టారు. గోడ గడియారం పాత టైములో ఉంచి, చేతి గడియారం కొత్త టైముకు తిప్పారు. “ఇది ఇంటికి, ఇది వీధికి,” అనేవారు.

ఆ రోజుల్లో అత్త ఒక్కసారే రాగలిగింది, డ్రైవరు సరుకుల కోసం వస్తే వెంటబడి వచ్చింది. గుమ్మంలోనే నిలబడి మాట్లాడింది.

“ఆయమ్మ గడియారం మీద చెయ్యి ఎయ్యనీదన్నా. కొడుకు తిప్పబోతే ‘ఇది మీ నాయిన తగిలించింది, బాగ్దాదోడు గాదు’ అని చేతి మీద కొట్టింది.” తర్వాత గొంతు తగ్గింది. “అన్నా, మా యమ్మ మంచాన పడిందంట. ఇదంతా రాకముందే జాబొచ్చింది. నేను పొయ్యేదాకా ఉంటాదో లేదో. నా కొడుకును సాకినది ఆమేనే. బస్సులు పోతాండాయంట గదా, నన్ను మర్చిపోవద్దన్నా. మామా పాస్‌పోర్టు ఇచ్చేసింది. ‘పో, మీ అమ్మను జూసుకో’ అనింది.”

“నిన్నొదిలేసి ఎలా ఎల్తాం చెల్లమ్మా,” అన్నారు నాన్న.

మా వీధిలో తెలుగువాళ్ళ జాబితా రాసేది నాన్నే. బాగ్దాదు దాకా ఒక బస్సు, అక్కణ్ణుంచి జోర్డానుకు మరొకటి అని ఏర్పాటైంది. సోమవారం ఏడింటికి, బేకరీ ముందు నుంచి బస్సు అని అత్త ఇంటి డ్రైవరుతో కబురంపారు. శనివారం నాడు బస్సు మనిషి వచ్చి, ఏడంటే బాగ్దాదు టైము అని గట్టిగా చెప్పి వెళ్ళాడు. నాన్న గోడ గడియారం వైపు చూసి ఉలిక్కిపడ్డారు.

“ఆవిడ పాత టైముకి బయల్దేరుతుందిరా. ఇక్కడికొచ్చేసరికి బస్సుండదు.”

ఆ ఇంటి ఫోను మూగబోయి వారమైంది. మగవాళ్ళని చెక్‌పోస్టుల్లో ఆపి ప్రశ్నలడుగుతున్నారు, పిల్లల్ని పెద్దగా పట్టించుకోవడం లేదు. మాకు తెలిసిన మలయాళీ ఒకాయన ఆదివారం పొద్దున రుమైథియా జమియాకి, అంటే ఆ పేట సహకార దుకాణానికి, రొట్టెలు వేసుకెళ్తాడు. అతని వ్యానులో నన్ను ఎక్కించారు.

“నాలుగు వీధులు నడవాలంతే. ‘పాత టైము ఆరంటే బాగ్దాదు టైము ఏడు, అంచేత ఆరుకల్లా ఉండాలి’ అని చెప్పు. రెండుసార్లు చెప్పించుకో. ఏం చెబుతావ్?”

“పాత టైము ఆరుకల్లా ఉండాలి అని చెబుతానండి.”

జమియా దగ్గర దిగి రెండు వీధులు నడిచాను. మూడో వీధి మొదట్లో ఒక ఇంట్లోంచి సైనికులు ఫ్రిజ్ మోసుకొస్తున్నారు. వాళ్ళలో ఒకడు, మీసాలు అప్పుడే వస్తున్నవాడు, నన్ను పిలిచాడు. నా మణికట్టు పట్టుకుని చూశాడు. పాడైన గడియారాల ముక్కలతో నాన్న నాకోసం కూర్చిన వాచీ అది. పట్టీ విప్పి తన చేతికి పెట్టుకున్నాడు. చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. నా బుగ్గ గిల్లి, “యల్లా,” అని పొమ్మన్నాడు. నేను వెళ్ళవలసిన వైపే చెయ్యి చూపించాడు.

నేను వెనక్కి పరుగెత్తాను.

చాలా ఏళ్ళు, భయపడ్డాను కాబట్టి వెళ్ళలేదని నాకు నేను చెప్పుకున్నాను. ఆ భయం పది నిమిషాల్లో పోయింది. రొట్టెలు దించడానికి వ్యాను మలయాళీకి గంట పట్టింది. ఆ గంటా వ్యాను నీడలో కూర్చుని వాచీ కోసం ఏడ్చాను. నాన్నకి ఏం చెప్పాలా అని ఆలోచించాను. సైనికులు వెళ్ళిపోవడమూ చూశాను. వీధి ఖాళీ అయింది. మళ్ళీ లేచి ఆ నాలుగు వీధులు నడవాలనిపించలేదు. అంతే. ఆ వయసులో నా ఏడుపు ముందు మరొకరి తల్లి నాకు గుర్తు రాలేదు.

నాన్న మెట్ల దగ్గరే నిలబడి ఉన్నారు.

“చెప్పేవా?”

“చెప్పానండి.”

“ఏవంది?”

“‘వస్చానని చెప్పు అన్నకు’ అందండి.”

ఆమె యాసలోనే చెప్పాను. నాన్న గుండెల మీద చెయ్యి వేసుకున్నారు. అప్పుడు నా చెయ్యి చూసి, “వాచీ ఏదిరా?” అన్నారు. అది మాత్రం నిజం చెప్పాను. నన్ను దగ్గరకు లాక్కున్నారు. “పోతే పోయింది ఎదవ వాచీ. ఆవిడికి కబురందింది కదా, అది చాలు. నా బంగారుకొండవిరా,” అన్నారు. ఆయన చొక్కాలో మొహం దాచుకున్నాను. అప్పుడు నోరు విప్పి ఉంటే ఇంకా ఒక సాయంత్రం ఉంది. ఎవర్నయినా పంపేవారు. ఆయనే వెళ్ళేవారు.

సోమవారం అందరూ ఏడుకు ముందే వచ్చారు. మూటలు పైన కట్టారు. నాన్న జాబితా పట్టుకుని బస్సు మెట్టు మీద ఒక కాలు, నేల మీద ఒక కాలు వేసి నిలబడ్డారు. ఏడయింది. డ్రైవరు హారను కొట్టాడు. ఐదు నిమిషాలు, ఇంకో ఐదు నిమిషాలు అని నాన్న వచ్చీరాని అరబ్బీలో బతిమాలారు. బస్సులో పిల్లల తల్లులు విసుక్కోవడం మొదలెట్టారు. ఏడుంబావుకి డ్రైవరు, “ఖలాస్,” అని బండి కదిలించాడు. నాన్న నడుస్తున్న బస్సులోకి ఎక్కి నా పక్కన కూలబడ్డారు.

“మనసు మార్చుకుందేమోరా. మామా ఆఖర్న వదల్లేదేమో.”

నేను మణికట్టు మీద వాచీ ఉన్నచోట తెల్లగా మిగిలిన చారనే చూస్తూ కూర్చున్నాను. పాత టైము ఆరుంబావు. ఆమె ఇప్పుడు ఏ వీధిలో ఉందో అనుకున్నాను. వెనక అద్దంలో బేకరీ చిన్నదైపోయింది.

ఆ రాత్రి బాగ్దాదు చేరాం. మర్నాడు పొద్దున జోర్డాను బస్సు కోసం నది దగ్గర రోడ్డు పక్కన మమ్మల్ని కూర్చోబెట్టారు. ఆలస్యమవుతుందని తెలిశాక నాన్న నన్ను లేపి, “రా, దగ్గరే అంట,” అన్నారు. నీళ్ళ మీద లేత ఎండ, చేపల వాసన. పాత కట్టడం గోడ మీంచి స్తంభం కనబడింది. లోపలికి పోనివ్వరు. గోడ బయటే నిలబడి చూశాం. నాన్న మెడ వెనక్కి వాల్చి చాలాసేపు చూశారు. ఇన్నాళ్ళూ కథల్లో విన్నదాన్ని చూస్తున్న మనిషి మొహంలో ఉండాల్సిన సంతోషం లేదు. చేతి గడియారంతో పోల్చుకున్నారు.

“ఇక్కడ ఏడు. అత్త గోడ మీద ఇప్పుడు ఆరు. పాలు కాస్తూ ఉంటుంది,” అన్నారు.

“నాన్నగారూ.”

“ఏరా?”

నోటి దాకా వచ్చింది. ఆయన కళ్ళు నా మీద ఉన్నాయి, అలిసిపోయి, ప్రేమగా.

“ఆకలేస్తోందండి.”

ఆయన వెళ్ళి పడవ ఆకారంలో ఉన్న వేడి రొట్టె కొనుక్కొచ్చారు. సగం తుంచి నాకే పెద్ద ముక్క ఇచ్చారు. దాన్ని నమిలి మింగడానికి ఎంతసేపు పట్టిందో ఇప్పటికీ గుర్తు.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు కోనసీమ ఇంటికి ఒక ఇన్‌లాండ్ ఉత్తరం వచ్చింది. ఎవరి చేతనో రాయించింది అత్త. నాన్న అరుగు మీద కూర్చుని పైకి చదివారు. ‘అన్నకు నమస్కారము. ఆ పొద్దు నేను ఆరున్నరకే వచ్చినా. బస్సు ఏడుంబావుకే పోయింది అని బేకరీ వాళ్ళు చెప్పినారు. నేనే ముల్లు తప్పు చూసినట్టుండాది. అబ్బి బాగనే నేర్పించినాడు, నాకే బుర్ర లేదు. పొద్దు గూకేదాకా ఆడనే కూసున్నా. మా యమ్మ చలికాలంలో పోయినాది. మీరు క్షేమమని తలుస్తా.’

పావుగంట. పావుగంట తేడాతో బస్సు తప్పింది. నేను బస్సులో నోరు విప్పినా సరిపోయేది.

నాన్న కాగితం దించి నా వైపు చూశారు. “అదేంట్రా, బాగ్దాదు టైమని నువ్వు చెప్పేవు కదా?”

“చెప్పానండి,” అన్నాను.

అప్పుడు సైనికులు లేరు. వీధిలో కొబ్బరి పీచు ఆరేస్తున్నారు, అమ్మ లోపల చేపలు కడుగుతోంది. మొదటి అబద్ధం భయానిదని సరిపెట్టుకోగలను. రెండోది పూర్తిగా నాది.

నాన్న జవాబు రాశారు. ‘అబ్బాయి ఇంటికొచ్చి చెప్పాడు కదమ్మా, పాత టైము ఆరని. ఆ కంగారులో మరచిపోయి ఉంటావు. నీ తప్పు లేదు.’ పోస్టులో వేసింది నేనే. డబ్బాలోకి వదిలే ముందు కాసేపు పట్టుకుని నిలబడ్డాను, తర్వాత వదిలేశాను. దానికి బదులు రాలేదు. నాన్న చాలాకాలం ఎదురుచూశారు. “మర్చిపోయేవని రాయకుండా ఉండాల్సింది, నొచ్చుకుందేమో,” అని పోయేదాకా అప్పుడప్పుడూ అనేవారు.

తర్వాత నేనూ కువైట్ వచ్చాను, ఖైతాన్‌లోనే ఉంటున్నాను. బేకరీ ఉన్నచోట ఇప్పుడు ఫోన్ల కొట్టు ఉంది.

వీడియో వచ్చిన రెండు నెలలకి సెలవు మీద వెళ్ళి, రాయచోటిలో దిగి, పాత ఉత్తరం మీది చిరునామా పట్టుకుని ఆ పల్లె చేరాను. ఆమె అరుగు మీద కూర్చుని ఉంది. కళ్ళకు పొరలు కమ్మాయి. నా ఈడు కొడుకు లోపల మంచం నులక బిగిస్తున్నాడు. పేరు చెప్పక ముందే, అత్తా అన్న పిలుపుకే, “ఎవురూ, దొంగబ్బీనా?” అంది. నా మొహమంతా చేతులతో తడిమింది. నాన్న పోయారని చెబితే కొంగు కళ్ళకు ఒత్తుకుంది.

అప్పుడు చెప్పాను. జమియా, ఫ్రిజ్, వాచీ, వ్యాను నీడ. అన్నీ.

“తెల్సబ్బీ,” అంది.

“ఎలా తెలుసు?”

“మీ నాయిన జాబు రాసినాడు గదా, నువ్వొచ్చి చెప్పినావని. నువ్వు రాలేదు. ఇంగ తెలీకేమి.”

“మరి నాన్నకి ఎందుకు రాయలేదత్తా?”

“ఏమని రాయాల? నీ కొడుకు రాలేదన్నా అనా? ఆయప్ప తట్టుకునే మనిషా?” కొంగు సవరించుకుని అంది, “మా యమ్మ మాత్రం కడాకు నన్నే అడిగిందంట. వాకిలి తట్టు జూస్తానే పోయిందంట.”

నేను తల వంచుకున్నాను. ఆమె నన్ను ఏమీ అనలేదు, నా తల మీద చెయ్యీ వెయ్యలేదు. నా గ్లాసులో కాఫీ చల్లారిపోయింది. రోడ్డు మీద ఏదో బండి పోయింది.

“నీ బస్సు నాలుగున్నరకు గదా. టైమెంతబ్బీ?” అంది.

ఫోను చూశాను. “నాలుగూ ఐదు, అత్తా.”

ఆమె తల లోపలి వైపు తిప్పింది.

“ఒరే, టైమెంతయింది రా?”

“నాలుగూ ఐదుమా,” అన్నాడు కొడుకు లోపల్నుంచి.

“ఆ,” అని, అప్పుడు నా వైపు తిరిగింది. “లెయ్యబ్బీ. బస్సు తప్పిపోతాది.”